చలికాలంలో మన్యం కొండలకు – కుటుంబంతో వెళ్ళేవారు తెలుసుకోవలసిన సంగతులు

క్రిస్మస్ సెలవులు మొదలయ్యేసరికి వైరా, తల్లాడ, సత్తుపల్లి వైపుల నుండి కార్లు, అద్దె జీపులు, మినీ బస్సులు కొండలవైపు బయలుదేరుతాయి. సంక్రాంతి దాటేవరకు ఈ సందడి తగ్గదు. ఒకప్పుడు మన ప్రాంతం వారికి సెలవుల్లో షికారు అంటే వైరా రిజర్వాయరు కట్ట, భద్రాచలం, పర్ణశాల. ఇప్పుడు మారేడుమిల్లి, లంబసింగి, అరకులోయ పేర్లు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పిల్లలు పొగమంచు చూడాలంటారు, పెద్దలు చల్లటి గాలి పీల్చాలంటారు. మంచిదే. ఏడాదంతా పొలం, దుకాణం, ఆఫీసు, చదువులతో అలసిన కుటుంబం రెండు రోజులు కలిసి గడపడం ఆరోగ్యానికి ఎంతో మేలు చేస్తుంది.

అయితే ఎండకు అలవాటుపడిన శరీరాలు మనవి. వైరా సముద్రమట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తున ఉన్న మైదాన ప్రాంతం. ఇక్కడి నుండి ఒక్క రాత్రిలో 1000 మీటర్ల ఎత్తుకు చేరినప్పుడు శరీరానికి ఏమవుతుంది? అక్కడ ఏమేమి చూడవచ్చు, ఏ పనికి ఏ జాగ్రత్త కావాలి? తిరిగి వచ్చాక కూడా మరువరాని విషయం ఏది? ఈ వ్యాసంలో వీటిని వివరంగా తెలుసుకుందాం.

ఎక్కడికి, ఎలా?

మనకు అన్నింటికంటే దగ్గర మారేడుమిల్లి. భద్రాచలం దాటి చింతూరు మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే దట్టమైన అడవి మధ్య ఈ ఊరు వస్తుంది. దారిలో జలతరంగిణి, అమృతధార జలపాతాలు ఉన్నాయి. వెదురు గొట్టంలో కాల్చిన కోడి మాంసం, అదే బొంగు చికెన్, ఇక్కడ ప్రసిద్ధి.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉంది. నర్సీపట్నం నుండి కొండ ఎక్కాలి. దీని ఎత్తు దాదాపు 1000 మీటర్లు. ఈ ఊరికి కొర్రబయలు అని మరో పేరు ఉంది. చలిరాత్రి బయట ఉంటే మనిషి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని అక్కడివారు ఆ పేరుకు అర్థం చెబుతారు.

అరకులోయ ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. విశాఖపట్నం నుండి రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. ఖమ్మంలో రైలెక్కి విశాఖ చేరి, అక్కడ ఉదయం కిరండూల్ వైపు వెళ్ళే రైలు పట్టుకుంటే సొరంగాలు దాటుకుంటూ అరకు చేరవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చేందుకు 1960లలో వేసిన మార్గం ఇది. కారులో వాంతులయ్యే పిల్లలు ఉన్న కుటుంబాలకు ఈ రైలు ప్రయాణమే సుఖం.

అక్కడ అంత చలి ఎందుకు?

ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడి చల్లబడుతుంది. ప్రతి 1000 మీటర్లకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. అంటే వైరాలో తెల్లవారుజామున 16 డిగ్రీలు ఉంటే, ఎత్తు ఒక్కదాని వల్లనే లంబసింగిలో 10 డిగ్రీలకు రావాలి. కాని అక్కడ 5 డిగ్రీలకు లోపే పడిపోయే రోజులు ఉంటాయి. కొన్ని సంవత్సరాలలో సున్నా దగ్గరకు వచ్చిందని కూడా పత్రికలలో వార్తలు వచ్చాయి. కారణం ఏమంటే, మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండల వాలుమీదుగా జారి లోయలో నీరు నిలిచినట్లు నిలుస్తుంది. ఆ గాలిలోని తేమే మనం చూసే పొగమంచు. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కాక, తొమ్మిది పది గంటలకు అది విడిపోతుంది.

దీనివల్ల మనకు తెలియవలసింది ఒకటుంది. మధ్యాహ్నం అక్కడ ఎండ హాయిగా ఉంటుంది. అది చూసి "ఇంతేనా చలి" అనుకొని స్వెట్టర్లు బసలో వదిలి తిరగడం, చీకటి పడ్డాక పిల్లలు వణకడం మామూలుగా జరుగుతుంది. సూర్యాస్తమయానికి ముందే చలిబట్టలు చేతికి అందేలా ఉండాలి.

కుటుంబంతో చేయదగిన పనులు

1. పొగమంచు చూడడం. లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి కొండ ఇందుకు పేరుపొందాయి. వంజంగిలో మేఘాలు మన కాళ్ళ క్రింద సముద్రంలా పరుచుకుంటాయి. అయితే అందుకు చీకటితోనే లేచి కొండ ఎక్కాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు ఈ ఎక్కుడు మానుకోవడం మేలు. చలిగాలి తగలగానే రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. దానిమీద కొండ ఎక్కే శ్రమ కూడా చేరితే ప్రమాదం. వారు బస దగ్గరే ఎండ వచ్చాక నడవవచ్చు. మంచులో వాహనం నడిపేవారు హెడ్ లైట్లు డిమ్ లో ఉంచి, మెల్లగా, ముందు బండికి దూరంగా నడపాలి. రోడ్డు మధ్య నిలబడి ఫోటోలు తీసుకోరాదు.

2. కాఫీ తోటలలో నడక. నవంబరు నుండి జనవరి వరకు కాఫీ పళ్ళు ఎర్రగా పండి కోతకు వస్తాయి. అనంతగిరి, అరకు, చింతపల్లి కొండలలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు పిల్లలకు చూపించండి. గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. తోటలోకి వెళ్ళేముందు రైతును అడగాలి. బూట్లు, నిండు ప్యాంటు వేసుకోవాలి. పొదలలో, గడ్డిలో కూర్చోరాదు. దీని కారణం క్రింద చెబుతాము.

3. వలిసె పూల పొలాలు. నవంబరు, డిసెంబరు నెలలలో అరకు దారి పొడవునా పసుపుపచ్చగా కనిపించేవి వలిసెలు. ఇది నూనెగింజల పంట, ఒక కుటుంబం ఏడాది కష్టం. ఫోటో కోసం పొలం తొక్కరాదు. తేనెటీగలు కూడా అక్కడే ఎక్కువగా ఉంటాయి. తేనెటీగ కుట్టి ముఖం వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

4. బొర్రా గుహలు. అనంతగిరి కొండలలోని ఈ సున్నపురాతి గుహలను గోస్తనీ నది నీరు, పైనుండి కారే చుక్కలు యుగాల తరబడి తొలిచాయి. సున్నం కలిసిన నీటిబొట్టు కారినచోట కొంత సున్నం మిగిలి, అలా మిగిలినదే పైనుండి వేలాడే ఊడలుగా, క్రిందనుండి లేచే స్తంభాలుగా మారింది. మెట్లు చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు సగం వరకు దిగి ఆగిపోయినా తప్పులేదు.

5. గిరిజన మ్యూజియం, వారపు సంత. అరకులోని మ్యూజియంలో గిరిజనుల ఇళ్ళు, పనిముట్లు, నగలు, వేట సామగ్రి చూడవచ్చు. సంతలో పసుపు, మిరియాలు, రాజ్మా, తేనె దొరుకుతాయి. ఒక్క మాట. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించరాదు. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు పసివారి ప్రేగులలో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేయగలవు. ఇక థింసా ఆడే స్త్రీలను గాని, సంతకు వచ్చిన వారిని గాని అడగకుండా ఫోటోలు తీయవద్దు. మన ఊళ్ళో మన ఆడపిల్లలను ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా?

6. చరిత్ర చెప్పడం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో ముట్టడించినది చింతపల్లి పోలీసు స్టేషనునే. నర్సీపట్నం ప్రాంతంలోని కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. పిల్లలు పాఠంలో చదివిన ఊర్లను కళ్ళతో చూస్తే మరచిపోరు.

ఘాట్ రోడ్డులో వాంతులు

మలుపులలో మన చెవి లోపలి భాగం "కదులుతున్నాము" అని మెదడుకు చెబుతుంది. ఫోన్ గాని పుస్తకం గాని చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఈ రెండింటి తగాదావల్ల కడుపులో త్రిప్పుతుంది. కాబట్టి పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి, దూరపు కొండను చూడమనండి. బస్సులోనైతే ముందు వరుసలలో కూర్చోబెట్టండి. బయలుదేరేముందు పూరీలు, బిర్యానీ కాక రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. పూర్తిగా ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. కిటికీ కొంచెం తీయండి. వాంతుల మాత్రలు నిద్రమత్తు కలిగిస్తాయి. డాక్టరును అడిగి, ప్రయాణానికి గంట ముందు వేయాలి. రెండేళ్ళలోపు పిల్లలకు సొంతంగా ఎన్నడూ వేయరాదు. బండి నడిపేవారు అసలే వేసుకోరాదు.

చలికి ఎవరు ఎక్కువ జాగ్రత్తపడాలి?

పసిపిల్లలు: వారి శరీరం చిన్నది, వేడి త్వరగా పోతుంది. ఒక మందపు స్వెట్టరు కంటే రెండు మూడు పలుచని బట్టలు మేలు. బట్టల మధ్య నిలిచిన గాలే వేడిని ఆపుతుంది. తలకు టోపీ, కాళ్ళకు సాక్సు తప్పనిసరి. తడిసిన బట్టను వెంటనే మార్చాలి. బిడ్డ పొట్ట, వీపు ముట్టుకుంటే చల్లగా ఉండడం, పాలు సరిగా త్రాగకపోవడం, మందకొడిగా పడిఉండడం ప్రమాద సూచనలు. అప్పుడు తల్లి తన ఒంటికి నేరుగా ఆనించుకొని పైన దుప్పటి కప్పుకొని ఆసుపత్రికి బయలుదేరాలి. జలుబని ముక్కు దగ్గర కర్పూరం పెట్టడం, వెచ్చదనానికని బ్రాందీ చుక్క నాలుక మీద వేయడం మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. రెండూ పసివారికి విషంతో సమానం. మూడు నెలలలోపు బిడ్డను ఈ యాత్రకు తీసుకెళ్ళకపోవడమే ఉత్తమం.

ఉబ్బసం ఉన్నవారు: చల్లని గాలి, చలిమంట పొగ రెండూ ఆయాసాన్ని రేపుతాయి. ఇన్‌హేలరు పెట్టెలో కాదు, జేబులో ఉండాలి. ముక్కు, నోరు కప్పేలా మఫ్లరు కట్టుకోవాలి.

సికిల్ సెల్ ఉన్నవారు: ఖమ్మం, భద్రాచలం ఏజెన్సీ ప్రాంతాలలోని గిరిజన కుటుంబాలలో ఈ జబ్బు ఉంది. చలి వలన, నీరు తక్కువ త్రాగడం వలన వీరి ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటాయి. అప్పుడు కాళ్ళు, చేతులు, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. వీరు డాక్టరు సలహా లేకుండా చలి ప్రదేశాలకు వెళ్ళరాదు. దాహం లేకపోయినా నీరు త్రాగుతూ ఉండాలి. తమకు ఆ జబ్బు ఉందో లేదో తెలియనివారు రక్తపరీక్ష చేయించుకోవచ్చు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది.

షుగరు, బీపీ ఉన్నవారు: "రెండు రోజులేగా" అని మందులు మానవద్దు. షుగరు వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు చలిమంటకు కాళ్ళు చాపితే కాలినా తెలియదు.

చలిమంట: బయట సుఖం, గదిలో మృత్యువు

ఆరుబయట చలిమంట వేసుకొని కబుర్లు చెప్పుకోవడం ఈ యాత్రలో పిల్లలకు అన్నింటికంటే ఇష్టమైన పని. నైలాను, సిల్కు బట్టలు వేసుకోకుండా, చీర కొంగులు, చున్నీలు దోపుకొని, మంటకు దూరంగా కూర్చుంటే చాలు. అడవి దగ్గర మంట వేయరాదు. పడుకునేముందు నీళ్ళు పోసి ఆర్పాలి.

అసలు ప్రమాదం తరువాత వస్తుంది. చలికి తట్టుకోలేక మిగిలిన నిప్పులను కుంపటిలో వేసి గదిలోకో, గుడారంలోకో తెచ్చి తలుపు మూసి పడుకుంటారు. బొగ్గు సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆమ్లజని కంటే ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానితో మెదడుకు ఆమ్లజని అందదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు. పొగ కనిపించడం లేదు గదా అని ధైర్యపడవద్దు. పొగలేని ఎర్రటి నిప్పులే ఎక్కువ ప్రమాదకరం. ఇంజను ఆన్ చేసి మూసిన కారులో పడుకోవడం, గాలి రాని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వాడడం కూడా ఇటువంటివే. ఒకే గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే వెంటనే తలుపులు తెరచి, అందరినీ బయటకు తెచ్చి, 108కు ఫోన్ చేయాలి.

నీటి దగ్గర

చలికాలంలో జలపాతాలు నెమ్మదిగా కనిపిస్తాయి. కాని పాచిపట్టిన రాళ్ళు, క్రింద కనిపించని గుంటలు అలాగే ఉంటాయి. చల్లని నీటిలో ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోయి ఈత వచ్చినవారు కూడా మునుగుతారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫోటోల కోసం రాళ్ళపై నిలబడిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది ఆనకట్ట నుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి 50 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. లైఫ్ జాకెట్టు వేసుకొని, బెల్టు బిగించుకున్నాకే పడవ కదలనివ్వండి. పిల్లల సైజు జాకెట్టు లేకపోతే పిల్లలను ఎక్కించవద్దు. నీటి అంచున పిల్లలను చూసే బాధ్యత ఫలానావారిదని ముందే అనుకోండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు.

తిరిగి వచ్చాక వచ్చే జ్వరం

ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. దయచేసి శ్రద్ధగా చదవండి.

మన పెద్దలు మలేరియాను మన్యం జ్వరం అనేవారు. ఆ జ్వరం దోమ ద్వారా వస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఇప్పుడు మన దేశంలో మలేరియా చాలా తగ్గింది. కాని ఏజెన్సీ ప్రాంతాలలో ఇంకా ఉంది. "చలికి దోమలుండవు" అనుకోవడం పొరపాటు. కొండవాగుల అంచుల్లో, మెల్లగా పారే తేట నీటిలో పెరిగే అనాఫిలస్ దోమ రకం ఒకటుంది. అది చలి నెలలలో కూడా వ్యాధిని వ్యాపింపజేయగలదు. అది రాత్రివేళ కుడుతుంది. కాబట్టి బసలో దోమతెర అడగండి, లేకపోతే ఇంటి నుండి తీసుకెళ్ళండి. సాయంత్రం నుండి నిండు చేతుల బట్టలు వేయండి.

మరి అసలు చిక్కు ఎక్కడుంది? దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు. క్రిములు ముందు కాలేయంలో చేరి పెరుగుతాయి. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకానికి సాధారణంగా 9 నుండి 14 రోజులు పడుతుంది. వైవాక్స్ రకం రెండు వారాల తరువాత రావచ్చు, కాలేయంలో దాగి నెలల తరువాత కూడా రావచ్చు. ఇలా ఊహించుకోండి. క్రిస్మస్ మరునాడు కుటుంబం కొండకు వెళ్ళి రెండు రాత్రులు ఉండి వచ్చింది. సంక్రాంతి పండుగ నాటికి బిడ్డకు జ్వరం. అప్పటికి యాత్ర సంగతి అందరూ మరచిపోయారు. "పిండివంటలు పడలేదు, చల్లగాలి తగిలింది" అని మాత్ర వేస్తారు. మూడు రోజులు గడుస్తాయి. ఫాల్సిపారం మెదడుకు ఎక్కడానికి ఆ మూడు రోజులు చాలు. మొదటి రోజే రక్తపరీక్ష చేసి ఉంటే మూడు రోజుల మాత్రలతో నయమయ్యే జబ్బు అది.

అందుచేత కొండకు వెళ్ళివచ్చిన మూడు నెలలలోపు ఎవరికి జ్వరం వచ్చినా రెండు పనులు చేయండి. ఒకటి, డాక్టరు అడగకపోయినా "ఫలానా తేదీన ఏజెన్సీకి వెళ్ళివచ్చాము" అని చెప్పండి. రెండు, మలేరియా రక్తపరీక్ష చేయించండి. కిట్ పరీక్ష ఫలితం 15, 20 నిమిషాలలో తెలుస్తుంది. మొదటి పరీక్షలో కనబడక జ్వరం తగ్గకపోతే మరుసటి రోజు మళ్ళీ చేయించాలి. మత్తుగా ఉండడం, ఫిట్స్, ఆయాసం, కళ్ళు పచ్చబడడం, మూత్రం నల్లబడడం, త్రాగినది నిలవకపోవడం కనిపిస్తే ఇంట్లో ఒక్క గంట కూడా ఆగరాదు. వైవాక్స్‌కు ఇచ్చే రెండో మందును చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడాలి. లేకపోతే కాలేయంలో దాగిన క్రిములు మళ్ళీ లేస్తాయి. గర్భిణులకు ఆ మందు ఇవ్వరు, కనుక గర్భం సంగతి ముందే చెప్పాలి.

మరొకటి స్క్రబ్ టైఫస్. పొదలలో, గడ్డిలో ఉండే నల్లికంటే చిన్న పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. ఇందుకే గడ్డిలో కూర్చోవద్దన్నాము. జ్వరం, తలనొప్పితో పాటు చంకలో, గజ్జలో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి పెచ్చు కనిపించవచ్చు. నొప్పి ఉండదు కనుక రోగికి తెలియదు. వెదికి చూడాలి. త్వరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది.

సంచిలో ఉండవలసినవి

• రోజూ వాడే మందులు రెండు రోజులు ఎక్కువగా, వాటి చీటీతో సహా
• పారాసిటమాల్, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దూది, బ్యాండేజి
• కాచి చల్లార్చిన నీరు
• టోపీలు, సాక్సులు, పిల్లలకు అదనంగా రెండు జతల బట్టలు
• దోమతెర, టార్చి లైటు
• చెత్త తిరిగి తెచ్చేందుకు ఒక ఖాళీ సంచి

కొండలలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. వెళ్ళే దారిలో ఆసుపత్రి ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకోండి. మీ ఇంటి క్యాలెండరులో యాత్ర తేదీని ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. తరువాత మూడు నెలలలో ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు కాలితే ముందు ఆ క్యాలెండరు వైపు చూడండి.

చల్లటి కొండగాలి, పిల్లల నవ్వులు, చలిమంట చుట్టూ చెప్పుకున్న కబుర్లు మీకు దక్కాలని, క్షేమంగా వెళ్ళి లాభంగా తిరిగి రావాలని కోరుకుంటున్నాము.